నిత్యధ్యానము – నియమపాలనము
(పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



ధ్యానము మంచిదని బోధించుటకు నేను రాలేదు. ఆ మాటను కాదనువారు ఈ సభలో నుండరు. 2024లో ఐక్యరాజ్యసమితి డిసెంబరు 21వ తేదిని ప్రపంచ ధ్యానదినముగా ప్రకటించినది. సంతోషమే. కాని చిక్కంతయు మిగిలిన దినములతోనే యున్నది. ఒకనాడు కన్నులు మూసి కూర్చుండుటకు ఉత్సాహము చాలును. ప్రతిదినమును కూర్చుండుటకు నియమము కావలయును.

మనస్సు మిక్కిలి గడుసరి వకీలు. నిద్ర చాలలేదని యొకనాడు, ఇంట చుట్టములున్నారని మరియొకనాడు వాయిదా కోరును. ప్రతి కారణమును సబబుగనే తోచును. వాయిదాలవలన వ్యాజ్యము ఓడిపోదు గాని తీర్పెన్నడును రాదు. కావున అట్టి యర్జీని విచారణకే స్వీకరింపరాదు. అందులకు ఉపాయము వేళను ముందుగా నిర్ణయించుకొనుటయే. సంధ్యావందనమునకు సూర్యుడే గడియారము. మన ముస్లిము సోదరుల ఐదు పూటల నమాజునకును సూర్యగమనమే ఆధారము. మనస్సు కుదిరినపుడు చేయుమని ఆ పెద్దలును చెప్పలేదు, ఈ పెద్దలును చెప్పలేదు. వేళకు మనము కూర్చున్నచో మనస్సు పిదప వచ్చి చేరును.

అభ్యాసము దృఢపడుటకు పతంజలి తన యోగసూత్రములలో మూడు లక్షణములు చెప్పెను: దీర్ఘకాలము చేయుట, ఎడతెగక చేయుట, ఆదరముతో చేయుట. లండను విశ్వవిద్యాలయ కళాశాల పరిశోధకులు 96 మందిని పరిశీలించి, 2010లో ప్రకటించిన వ్యాసమున ఈ విషయమునకే లెక్క కట్టిరి. దినమున కొక చిన్న పనిని ఒకే సందర్భమున చేయుచు వచ్చినచో, అది అప్రయత్నముగ జరుగు అలవాటగుటకు మధ్యస్థముగా 66 దినములు పట్టినది. కొందరికి 18 దినములే చాలినవి. కొందరికి 254 దినములు పట్టునని అంచనా తేలినది. కావున మండలదీక్ష ముగిసినను మనస్సు నిలువలేదని నిరాశ చెందనక్కరలేదు. ఒక్కనాడు తప్పినంత మాత్రమున అలవాటు చెడలేదనియు వారు కనుగొనిరి. తప్పిన దినమును గూర్చి విలపించుట కంటె మరునాడు వేళకు కూర్చుండుట మేలు.

ఇక పద్ధతి. పది నిమిషములతో మొదలిడుడు. స్నానానంతరమో, కాఫీకి ముందో, ఇదివరకే తప్పక జరుగుచున్న పని యొకదానికి దీనిని ముడివేయుడు. చోటు మార్చకుడు. నేలపై కూర్చుండలేనివారు కుర్చీపై వెన్ను నిలిపి కూర్చుండవచ్చును. శ్వాస రాకపోకలనో, ఇష్టదైవనామమునో పట్టుకొనుడు. మనస్సు సంతకు పోవును, కచేరీకి పోవును. పోయినదని తెలిసినంతనే కోపింపక వెనుకకు తెండు. ఆ తెచ్చుటయే అభ్యాసము. తీవ్రమైన మనోవ్యాధితో బాధపడువారు మాత్రము ముందుగా వైద్యుని సలహా పొందవలయును.

“ప్రజాసేవకులకు ఇంత తీరిక యెక్కడ?” అని కొందరడుగుదురు. 1930 మార్చి 12న సబర్మతి నుండి బయలుదేరిన దండియాత్రను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 24 దినములు, సుమారు 240 మైళ్లు, ఊరూర సభలు. అయినను ప్రార్థన, నూలు వడకుట, దినచర్య వ్రాయుట ప్రతి యాత్రికునకును విధి. తీరిక దొరికినపుడు చేయు పనిగా గాంధీమహాత్ముడు ప్రార్థన నెంచలేదు. ఆ మే నెల 21న ధరాసనలో సత్యాగ్రహులు వరుసవరుసలుగ నడచి, చేయెత్తకయే లాఠీదెబ్బలు తినిరి. అట్టి నిగ్రహము దెబ్బ పడిన క్షణమున పుట్టునది కాదు. దినదినము కూడబెట్టుకొనవలసిన మూలధనము.

నేడు మనకు లాఠీలు ఎదురుకాకపోవచ్చును. కాని నిదుర లేచుటతోడనే సెల్‌ఫోను చేతికి వచ్చుచున్నది. అందులో నొక పుకారు కనబడినంతనే నిజానిజములు విచారింపక పదిమందికి పంపుచున్నాము. ఇరుగుపొరుగుల నడుమ పగలు రగులుటకు అట్టి నిప్పురవ్వ యొక్కటి చాలును. కోపము పుట్టుటకును చేయి కదలుటకును నడుమ ఒక్క శ్వాసకాలము ఎడము నిలుపగలిగినచో, ఆ పది నిమిషములు సార్థకములైనట్లే. ధ్యానమున ఏమి కనబడినదని కాదు, లేచిన పిమ్మట ఇంటివారితోను ప్రతిపక్షితోను ఎట్లు మాటలాడితిమని పరీక్షించుకొనవలయును.

1947లో పరపాలన తొలగినది. తన నాలుకను, తన చేతిని, తన కోపమును తానేలుకొను స్వరాజ్యమును ఏ శాసనసభయు మనకు ఈయజాలదు. దానిని ఎవరికి వారే దినమునకు పది నిమిషముల చొప్పున ఆర్జించుకొనవలయును. రేపటి ఉదయమునకు వేళ యేదియో ఈ మందిరము విడువక మునుపే నిర్ణయించుకొనుడని ప్రార్థించుచున్నాను.