పండుగ భారము కారాదు

(సామర్లకోటలో గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



సామర్లకోట కుమారారామ భీమేశ్వరుని సన్నిధి. రైలు మార్గములు కలిసెడి కూడలి. శివరాత్రికైనను, సంక్రాంతికైనను ఇక్కడి యిండ్లకు బంధువుల రాక తప్పదు. అతిథిని ఆదరించుటలో గోదావరి సీమకు గల పేరు మన కందరకు గర్వకారణము. ఆ పేరు నిలుపుకొనుటకు గృహస్థు అప్పులపాలు కావలెనా, ఇల్లాలు మంచము పట్టవలెనా యన్నదే నేటి ప్రశ్న.

సంక్రాంతి ఏ సమయమున వచ్చునో యోచింపుడు. అప్పటికి సార్వా ధాన్యము ఇంటికి చేరును. దాళ్వా నాట్లు సాగుచుండును. ఎరువునకు, కూలికి రొక్కము కావలసినది అప్పుడే. కొత్త అల్లునికి బట్టలు, కానుకలు, మూడు నాలుగు దినముల విందులు వచ్చిపడునదియు అప్పుడే. చేతిలోని రొక్కము విందునకు పోయినచో చేనికి అప్పు తేవలసి వచ్చును. అప్పుచేసి పప్పుకూడు వలదని పెద్దలు ఊరక చెప్పలేదు.

2022 సంక్రాంతికి నరసాపురమున ఒక కుటుంబము కాబోవు అల్లునికి 365 రకముల వంటకములు వడ్డించినట్లు పత్రికలు ప్రకటించినవి. అట్టి విందు కలిగినవారికి వేడుక. అదియే ఊరికి కొలబద్ద యైనచో లేనివారికి తలవంపు.

ఇక వంటయింటి సంగతి. అరిసెలకు బియ్యము నానవేయవలెను; తడిపిండి కొట్టవలెను; బెల్లపు పాకము చూడవలెను; కాగిన నూనెలోనుండి తీసి ఒక్కొక్కటిగా నొక్కవలెను. పూర్వము ఇరుగుపొరుగు స్త్రీలు కూడి ఒకనాడు ఒక యింట, మరునాడు మరొక యింట వండుకొనెడివారు. నేడు సాయము పట్టెడి చేతులు తగ్గినవి. వంటకముల సంఖ్య పెరిగినది. కావున ఆచారమును విడువుడని మేము చెప్పుట లేదు. అందలి సహకారమును మరల తెచ్చుకొనుడని కోరుచున్నాము.

పిండివంటలు రెండు మూడు చాలును. వీధికొక పొయ్యి పెట్టి, ఖర్చు పంచుకొని, కలిసి వండుకొనవచ్చును. నీళ్లు తెచ్చుట, ఆకులు వేయుట, వడ్డించుట, ఎత్తుట పురుషులు చేయవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, కానుకలు వలదను మాట మగపెండ్లివారి నోటనుండియే ముందుగా రావలెను. ఆడపిల్ల తలిదండ్రులు ఆ మాట తమంతట అనజాలరు.

ఇది తీర్మానముతో శాసించెడి విషయము కాదు. గ్రామసభలోను, మహిళా సంఘములలోను చర్చింపుడు. పిదప మీ యిండ్లనే మొదట ఆచరించి చూపుడు. పెండ్లిలో భోగము మేళము పెట్టించుట గౌరవచిహ్నముగా చెల్లిన దినములలో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము గారు దానిని ఎదిరించిరి. నేడు ఆ మేళము లేదని ఏ పెండ్లికిని గౌరవము తగ్గుట లేదు.

భోగిమంట వెలుగునపుడు ఇల్లాలు కూడ వంటయిల్లు విడిచి అందరితోపాటు వాకిట నిలిచి చూడగలుగవలెను. అప్పుడే అది ఇంటిల్లిపాదికిని పండుగ.