తొట్లకొండ చెప్పు పాఠము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)

 

యాత్రావిశేష మొకటి చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. ఇటీవల సముద్రతీరమునందలి తొట్లకొండను చూచి వచ్చితిని గావున దానిని గూర్చియే మనవి చేసెదను.

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు త్రోవలో, సముద్రమునకు అభిముఖముగ, సుమారు 128 మీటర్ల యెత్తున ఆ కొండ యున్నది. రాతిలో తొలిచిన నీటితొట్లే దాని పేరునకు కారణము. రెండువేల ఏండ్ల క్రిందటి బౌద్ధభిక్షువులు వాననీటిని వానిలో నిలువజేసికొనిరి. 1988 మొదలు 1993 వరకు పురావస్తుశాఖవారు త్రవ్వగా స్తూపములు, చైత్యములు, విహారములు, భోజనశాల బయల్పడినవి. శాతవాహనుల సీసపు నాణెములతోపాటు రోమను వెండి నాణెములును దొరకినవి. ఓడల వర్తకమున కవి సాక్ష్యములు.

ఇట్టి స్థలములను కాపాడుటకు ప్రభుత్వ మొక్కటియే చాలదు. 1984లో ఢిల్లీలో స్థాపింపబడిన ‘ఇంటాక్’ అను సంస్థ లాభాపేక్ష లేక దేశమంతట ఈ పని చేయుచున్నది. దాని విశాఖ శాఖవారు జనులను వెంటబెట్టుకొని ప్రాచీనస్థలములను చూపుచుందురు. తొట్లకొండ పరిసరములు కట్టడముల పాలు కాకుండ గొంతెత్తిరి. 2019 అక్టోబరు వానలకు అచ్చటి మహాస్తూపములో కొంతభాగము కూలినది. కాపలాయున్న చోటనే ఇట్లయిన, కాపలాలేని చోటి మాట యేమి?

మనకు సముద్రము లేదు గాని గోదావరి కలదు. దాని యొడ్డున కోటిలింగాలలో శాతవాహన వంశమునకు మూలపురుషుడని చెప్పబడు శ్రీముఖుని నాణెములు లభించినవి. ధూళికట్టలో బౌద్ధస్తూపము, ముచిలింద నాగుని శిల్పము వెలువడినవి. తొట్లకొండ భిక్షువుల చేతికి వచ్చిన నాణెములును, మన పాటిగడ్డలలోని నాణెములును ఆ శాతవాహనులవే. అట్లయ్యును మనము పాటిమన్ను బలమని బండ్లకెత్తి చేలకు తోలుచున్నాము. ఆ మన్నుతో చరిత్రయు పోవుచున్నది. ఒక పంటకు బలమిచ్చి అది శాశ్వతముగ నశించును.

కావున మూడు మనవులు. పాటిగడ్డ మన్ను త్రవ్వవలదు. నాణెమో శిల్పమో కనబడినచో దాచవలదు. 1878 నాటి నిక్షేపముల చట్టము ననుసరించి పదిరూపాయలకు మించిన నిక్షేపము దొరకినవారు కలెక్టరుకు తెలుపవలెను. భయపడ నక్కరలేదు, ప్రభుత్వము దానిని తీసికొనిన యెడల పదార్థపు వెలయు, ఆపై అయిదవవంతును చెల్లించు నేర్పాటు ఆ చట్టమునందే యున్నది. మూడవది, మన గ్రంథాలయములో ఒక పుస్తకము తెరచి, ఊరి పాతబావులు, వీరగల్లులు, గుళ్లు, దిబ్బలు ఎచ్చట నున్నవో పెద్దల నడిగి వ్రాయింపుడు. పిల్లలు వ్రాయుదురు, వృద్ధులు చెప్పుదురు.

ఇరువదియైదేండ్లు పుస్తకములను చెదపట్టకుండ కాపాడితిరి. భూమిలోని పుస్తకమునుగూడ అట్లే కాపాడుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.