ఎండను తట్టుకునే సూక్ష్మజీవులు

రిసాలి క్వార్టర్ల గోడల మీద వాననీరు జారినచోట నల్లటి చారలు చూస్తుంటాం. ఉక్కు ఊరు కదా, పొగమసి అనేస్తాం. గోడల మీది ఇలాంటి నలుపు చాలాచోట్ల సయనోబాక్టీరియాది, అంటే మీరు నీలి ఆకుపచ్చ శైవలాలుగా చదువుకున్నవాటిది.

వీటికి ఆహారం తయారుచేసుకోవడానికి కాంతి కావాలి. మే నెల ఎండలో ఆ కాంతే ప్రాణం తీయగలదు. కిరణజన్య సంయోగక్రియకు అక్కరలేనంత శక్తి చేరితే చురుకైన ఆక్సిజన్ రూపాలు పుట్టి ప్రోటీన్లను, కణత్వచాలను దెబ్బతీస్తాయి. కదిలిపోలేని జీవి ఏం చేయాలి?

గోడమీది సైటోనిమా తన తంతువుల తొడుగులో సైటోనెమిన్ అనే ముదురు గోధుమరంగు పదార్థాన్ని నింపుకుంటుంది. అది అతినీలలోహిత కిరణాలను చాలావరకు బయటే ఆపుతుంది. గోడ ఎండిపోయి, జీవి నిద్రాణస్థితిలోకి వెళ్లినా దీని పని ఆగదు. నాకు అన్నింటికన్నా ముచ్చట గొలిపేది ఇదే.

లోపలికి చేరిన కాంతికి వేరే ఏర్పాటు ఉంది. చాలా సయనోబాక్టీరియాల్లో నారింజరంగు కెరోటినాయిడ్ ప్రోటీన్ ఉంటుంది. తీవ్రమైన నీలికాంతి తగిలితే అది ఎర్రగా మారి, కాంతిని పట్టే ఫైకోబిలిసోమ్‌కు అతుక్కుని, అదనపు శక్తిని వేడిగా వదిలేస్తుంది. ఈ ప్రోటీన్‌ను 1981లోనే వర్ణించారు. దాని పనిని ఫ్రాన్స్‌లో డయానా కిరిలోవ్‌స్కీ బృందం 2006లో తేల్చింది. పాతికేళ్లు! వెలుతురు తగ్గాక మరో ప్రోటీన్ దాన్ని విడదీస్తుంది. లేకుంటే నీడలోనూ శక్తి వృథా అయి జీవి పస్తుండాల్సి వస్తుంది.