ఉద్యోగ కేసుల వకీలు మన గూడెం నుంచి రావాలె
(కౌకూర్ ఆదివాసీ యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో భూమి గురించి మాట్లాడుకుంటం, అడవి గురించి మాట్లాడుకుంటం. ఈ రోజు వకీలు గురించి మాట్లాడుకుందాం. ఉద్యోగం పోయినప్పుడు, రావాల్సిన ఉద్యోగం రానప్పుడు మన తరఫున కోర్టులో నిలబడే మనిషి ఏం చదివి ఉండాలె, ఏ పని నేర్చుకొని ఉండాలె?

జీవో 3 సంగతి అందరికీ ఎరుకే. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులు వంద శాతం స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న వచ్చింది. అంతకుముందు 1986లో వచ్చిన జీవో 275 కూడా అట్లాంటిదే. జీవో 3ను ట్రిబ్యునల్ కొట్టేసింది, 2001లో హైకోర్టు మెజారిటీ తీర్పుతో నిలబెట్టింది. చివరికి 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం రద్దు చేసింది. లాక్‌డౌన్ రోజులు, రోడ్డెక్కే వీలు కూడా లేదు. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్న టీచర్లను మాత్రం, ప్రభుత్వాలు మళ్లీ ఇట్లాంటి ప్రయత్నం చేయొద్దనే షరతు మీద ఉండనిచ్చింది.

అన్యాయం అని మనం నినాదం ఇచ్చినం. ఇయ్యాల్సిందే. కానీ ఆ తీర్పులో కేసు ఎక్కడ ఓడిపోయిందో కూడా తెలుసుకోవాలె. ఒకటి, ఐదో షెడ్యూల్ 5(1) పేరా కింద ఉన్న చట్టాన్ని ఏజెన్సీలో ఆపడం, మార్చి అమలు చేయడం వరకే గవర్నర్‌కు అధికారం, కొత్త చట్టం చేసే అధికారం లేదన్నరు. రెండు, 1992 ఇందిరా సాహ్నీ తీర్పు పెట్టిన 50 శాతం హద్దు. ప్రత్యేక పరిస్థితి ఉంటే దాటొచ్చు గానీ వంద శాతం కుదరదన్నరు. మూడు, 1950 జనవరి 26 నుంచి అక్కడే ఉంటున్న కుటుంబాలే స్థానికులు అనే షరతు. దాంతో సాటి గిరిజనులకే నష్టం అన్నరు.

ఈ మూడు సంగతులూ జీవో రాసే రోజే బల్ల మీద పెట్టి మాట్లాడాల్సినవి. కేసు పడ్డంక వకీలును వెతుక్కుంటే ఆలస్యమే. జీవో ముసాయిదా వచ్చినప్పుడే "ఈ లైను కోర్టులో నిలబడదు, ఇట్ల మార్చుండ్రి" అని చెప్పే మనిషి మన దగ్గర ఉండాలె. రేపు జీవో 3 బదులు ఏ చట్టం అడిగినా ఈ మాట వర్తిస్తది.

ఇక ప్రైవేటు ఉద్యోగాలు. ఈ కౌకూర్ చుట్టుపక్కల, మేడ్చల్ దిక్కు, శామీర్‌పేట దిక్కు కాంట్రాక్టర్ కింద పనిచేసేటోళ్లు మీలో ఉన్నరు. అపాయింట్‌మెంట్ కాయితం ఉండదు, రేపటి నుంచి రావొద్దంటే ఫోన్ మాటే. ఏడాదిలో 240 రోజులు పనిచేసినట్టు రుజువు చేసే భారం కార్మికుడిదేనని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు, గేట్ పాసు, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు దాచుకోండ్రి. సూపర్‌వైజర్ పంపిన డ్యూటీ మెసేజ్ కూడా చెరిపేయొద్దు.

ఉద్యోగ కేసుల వకీలు పని సగం ఇదే. సినిమాల్లో లెక్క గొంతు పెంచి వాదించుడు తక్కువ. రోస్టర్ పాయింట్లు లెక్కపెట్టుడు, సీనియారిటీ జాబితా సరిచూసుడు, సర్వీస్ రూల్స్ చదువుడు, గడువు దాటకుండా కేసు వేసుడు ఎక్కువ. తెలంగాణలో ఇప్పుడు ప్రత్యేక ట్రిబ్యునల్ లేదు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి రిట్ వేసుకొని హైకోర్టుకే పోవాలె. కంపెనీ కార్మికుడి దారి వేరే, లేబర్ ఆఫీసు నుంచి మొదలైతది. రెండు దారులూ తెలిసినోడు కావాలె. ఐటీడీఏ ఆఫీసు ముందు రోజంతా నిలబడ్డ అనుభవం ఉన్నోడైతే ఏ కాయితం ఎక్కడ ఆగుతదో ఇంకా బాగా తెలుస్తది.

వకీలు కావాలంటే చిన్నప్పటి నుంచే లా చదవాలని లేదు. బాలగోపాల్ సార్ గణితంలో పీహెచ్‌డీ చేసి కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మనిషి. ఆ తర్వాత లా చదివి హైకోర్టులో పేదల కేసులు వాదించిండు. 2009లో పోయేదాక ఆదివాసీ గూడేలు తిరుగుతనే ఉన్నడు. డిగ్రీ అయిపోయినోళ్లు ఎవరైనా లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయొచ్చు. ఇంటర్ అయినోళ్లకు ఐదేళ్ల కోర్సు ఉంది. నల్సార్ లా యూనివర్సిటీ ఇక్కడికి దగ్గర్లో శామీర్‌పేటలోనే ఉంది, దానికి క్లాట్ రాయాలె. ఆ గేటు ముందు నుంచి డ్యూటీకి పోయే తమ్ముళ్లు ఒక్కసారి లోపల సీటు గురించి కూడా ఆలోచించాలె.

బార్ కౌన్సిల్ ఫీజు వేలల్లో ఉంటదని చాలామంది ఆగిపోయిన్రు. 2024 జులై 30న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: చట్టంలో రాసిన ఫీజు కంటే ఎక్కువ తీసుకోవద్దు. జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండ్రి.

అసలు కష్టం ఆ తర్వాత ఉంది. సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరిన మొదటి ఏళ్లలో చేతికొచ్చేది బస్సు ఖర్చులకు కూడా చాలదు. పట్నంలో నెలకు 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది సూచనే, హుకుం కాదు. ఇంటి నుంచి డబ్బులు రాని పిల్ల, పిల్లగాడు ఇక్కడే నల్లకోటు విడిచిపెట్టి వేరే పని చూసుకుంటరు.

కాబట్టి నేను ఒక ప్రతిపాదన పెడుతున్న. ఉద్యోగాల్లో ఉన్న మన టీచర్లు, ఉద్యోగులు నెలకు వంద రూపాయల చొప్పున ఒక నిధికి ఇయ్యాలె. రెండు వందల మంది కలిస్తే నెలకు 20 వేలు అయితది. ఒక జూనియర్ వకీలు మూడేళ్లు పని నేర్చుకోవడానికి సరిపోతది. లెక్కలు ప్రతి సమావేశంలో చదవాలె. ఆ వకీలు మొదటి అప్పు తీర్చేది డబ్బుతో కాదు, మన కేసు కాయితం చదివి.

ఈ రోజే పేర్లు రాసుకుందాం. లాసెట్ రాసేటోళ్లు ఒక దిక్కు, వంద రూపాయలు ఇచ్చేటోళ్లు ఇంకో దిక్కు.

జై కొమురం భీం! జై ఆదివాసీ!