పారేసే కొవ్వులోనే మన నూనె, మన సబ్బు
(వాడ సమావేశంలో చేసిన ప్రసంగం)



పందిని కోసిననాడు కండ పంచుకుంటాం, కొవ్వు పారేస్తాం. మర్నాడు నూనె ప్యాకెట్టుకీ సబ్బు బిళ్లకీ కొట్టుకి పోతాం. ఈ లెక్క ఎప్పుడైనా వేసుకున్నామా?

మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు మేలైనది, వాసన తక్కువ. చిన్న ముక్కలు కోసి, మందపాటి గిన్నెలో గ్లాసెడు నీళ్లు పోసి, సన్నసెగ మీద కలుపుతుండాలి. నీళ్లు ఇగిరి ముక్కలు ఎర్రబడగానే దించి, గుడ్డలో వడగట్టాలి. చల్లారితే తెల్లగా పేరుకుంటుంది. తడి తగలనీకుండా వేపుళ్లకి వాడుకోవచ్చు. గుండెజబ్బున్నోళ్లు మాత్రం జాగ్రత్త.

సబ్బుకైతే అరకిలో కొవ్వుకి 65 గ్రాముల కాస్టిక్ సోడా, 170 గ్రాముల నీళ్లు. తూకం తప్పొద్దు. సోడానే నీళ్లలో వెయ్యాలి, సోడా మీద నీళ్లు పొయ్యరాదు, చిమ్ముతుంది. సిలవరు గిన్నె పనికిరాదు, స్టీలుదే వాడాలి. చేతులకి తొడుగులు, కళ్లకి అద్దాలు ఉండాలి, పిల్లల్ని దూరం పెట్టాలి. రెండూ గోరువెచ్చగా అయ్యాక కలిపి, దోసెల పిండిలా చిక్కబడేదాకా తిప్పి అచ్చులో పోయాలి. మర్నాడు తొడుగులతోనే కోసి, 4 వారాలు గాలికి ఆరబెట్టాలి.

బడిలో పాఠాలు చెప్పే మేము చూస్తున్నాం, పంది మాటొస్తే మన పిల్లలు తల దించుకుంటారు. ఫ్రాన్సులో షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్త పంది కొవ్వు సబ్బుని పరీక్షించడంతోనే మొదలుపెట్టి, 1823లో కొవ్వుల మీద పెద్ద గ్రంథం అచ్చేశాడు. ఇది మన పిల్లలకి ఎవరు చెప్పాలి? మనమే చెప్పాలి.

పందుల్ని మేపే ఎరుకల అన్నదమ్ముల్ని కలుపుకుని, వాడకొక మంచి తక్కెడ కొందాం. ముందు మన ఇళ్లకి చేసుకుందాం. సిగ్గుపడాల్సినోళ్లు అంటు పెట్టినోళ్లే.

జై భీమ్!