చెరకు ముచ్చెల యెంపిక



పెరటిలో మునగకొమ్మను పాతినచో తల్లిచెట్టు కాయల రుచియే పిల్లచెట్టునకును వచ్చును. మల్లెయు, తమలపాకు తీగయు నిట్టివే. గింజనుండి మొలచిన మొక్క తల్లిని పోలవచ్చును, పోలకపోవచ్చును; కొమ్మనుండి పెరిగినది మాత్రము తల్లి గుణములనే పొందును. అయితే తల్లియందు రోగమున్నచో నదియు కొమ్మవెంట వచ్చును. దీనివలన పెరటిలో నొక చెట్టు పోవును. చెరకుతోటలో నొక పొలమే పోవును.

చెరకు ముచ్చెయు నిట్టి కొమ్మయే. ఉయ్యూరు ప్రాంతమున చెరకు వేయు రైతునకు, ఎకరమునకు మూడు కన్నుల ముచ్చెలు సుమారు 16,000 కావలయును. వానిలో ఎఱ్ఱకుళ్ళు పట్టినవి కొన్ని చేరినను తెగులు తోటలో ప్రవేశించును. పొరుగు గోదావరి డెల్టాలో 19వ శతాబ్ది చివర ఈ తెగులే చెరకు సాగును మిక్కిలి దెబ్బతీసెను. అందువలననే 1902లో సామర్లకోటలో ప్రభుత్వ చెరకు క్షేత్రము స్థాపింపబడెను. మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడగు బార్బరు దొర ఆ పరిశోధనకు పూనుకొనెను.

తెగులును గుర్తించుట కష్టము కాదు. అనుమానము గల గడను నిలువున చీల్చి చూడవలెను. లోపల ఎఱ్ఱనై, నడుమ నడుమ అడ్డముగా తెల్లని మచ్చలుండి, పులిసిన కల్లు వాసన వచ్చినచో నది ఎఱ్ఱకుళ్ళే. అట్టి గడ కనబడిన తోటనుండి ఒక్క ముచ్చెయైనను తీయరాదు.

విత్తనమునకు ఆరు మొదలు ఎనిమిది నెలల లేత తోట మేలు. ముదిరిన తోటయైనచో గడయొక్క పై మూడవ భాగమునే కోయవలెను. కార్శి తోటనుండి విత్తనము తీయరాదు. కన్ను చెడకుండ పదునైన కత్తితో నఱకవలెను. లీటరు నీటికి అర గ్రాము కార్బెండజిమ్ కలిపి, ముచ్చెలను 15 నిమిషములు ముంచి నాటవలెను. ఈ మందు కోసిన చివరలను కాపాడును గాని, గడ లోపల చేరిన ఎఱ్ఱకుళ్ళును పోగొట్టజాలదు. కావున మందును నమ్మి ఎంపికను మానుట తగదు.

తెగులు వచ్చిన తోటను కార్శికి విడువక, దుబ్బులను త్రవ్వి కాల్చి, ఆ పొలమున వరి వేయవలెను. ఆ పొలపు నీరు పక్క చెరకునకు పారకుండ గట్టు వేయవలెను.

ముచ్చెలు కోయునాడు గడలను చీల్చి చూచుటకు పట్టు పూట, ఏడాది పంటను నిలుపును.