చెలియలికట్ట దాటిన నీరు – నేల లెక్క



సముద్రము చెలియలికట్ట దాటదని పూర్వకవులు పలుమార్లు చెప్పిరి. తుపాను నాడు దాటును. దానినే మనము ఉప్పెన యందుము. ఆ నీరు ఎంత ఎత్తు లేచునో, ఎంత దూరము లోపలికి వచ్చునో ముందుగా గుణించు విద్య యొకటి నేడు కలదు. అందులకు గాలి వేగము, కడలి లోతు తెలిసిన చాలదు. నేలపై ఏమున్నదో కూడ తెలియవలెను. భూమి లెక్కలు వ్రాయుచు తల నెరసిన నాకు ఈ సంగతి మిక్కిలి రుచించినది.

అమెరికాలో మెక్సికో సింధుశాఖ ఒడ్డున లూసియానా రాష్ట్రము కలదు. 2005 ఆగస్టు 29న కత్రీనా తుపాను అచ్చట తీరము దాటినది. పొరుగున మిసిసిపీ తీరమున నీరు సుమారు 28 అడుగులు లేచినది. అచ్చటి పండితులు ఉప్పెన గణనకు ‘ఆడ్‌సర్క్’ అను కంప్యూటరు విధానమును వాడుదురు. మన హైదరాబాదులోని ‘ఇన్‌కాయిస్’ సంస్థ ఉప్పెన హెచ్చరికలకు ఆధారము చేసికొన్నదియు అదియే. కావున ఇది పరాయి ముచ్చట కాదు.

వారి అడంగలు ఆకాశమునుండి వచ్చును. లాండ్‌శాట్ ఉపగ్రహము తీసిన చిత్రములను బట్టి దేశమును 30 మీటర్ల చదరపు గళ్లుగా విభజించి, ఏ గడిలో నీరో, రెల్లో, అడవియో, పైరో, ఇండ్లో నమోదు చేయుదురు. ఒక గడి మన లెక్కలో 22 సెంట్లు. దాని స్వభావమును బట్టి గరుకుదనపు అంకె యొకటి వేయుదురు. ఇది 1889లో ఐర్లండు ఇంజనీరు రాబర్టు మానింగు ప్రతిపాదించిన నీటిపారుదల సూత్రములోని అంకె. బయలు నీటికి సుమారు 0.02, దట్టమైన అడవికి 0.1, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు. లోతు, వాలు సమానమైనచో అంకె అయిదు రెట్లైన నీటి నడక అయిదవ వంతే. రెల్లుదుబ్బులలో దిగి నడచిన రైతునకు ఈ సూత్రము బోధింప నక్కరలేదు.

చెట్లు చేయు మేలు మరియొకటి. ఉప్పెనను త్రోయునది గాలి. గుబురు కొమ్మల క్రిందనున్న నీటిని ఆ గాలి అంటజాలదు. అందుచేత గణితములో అడవి గడిపై గాలి త్రోపును తగ్గింతురు, లేదా తీసివేయుదురు.

సుమారు 2.7 మైళ్ల చిత్తడినేల ఉప్పెనను ఒక అడుగు తగ్గించునని 1963 నాటి అమెరికా సైనిక ఇంజనీర్ల లెక్క యొకటి కలదు. నోటిలెక్కకు ముచ్చటైనదే గాని నమ్మదగినది కాదు. తుపాను మెల్లగా నడచినచో నీరు తీరికగా లోపలికి నిండును. అడ్డు తగిలిన నీరు ఆ అడ్డు ముందే పోగుపడి పక్క ఊరిని ముంచనువచ్చును. కావున గడి గడియు లెక్కింపవలసినదే.

చిక్కు ఇచ్చటనే. 1932 మొదలు 2010 వరకు లూసియానా తీరమున సుమారు 1,900 చదరపు మైళ్ల నేల నీటి పాలైనది. పాత పటములో రెల్లు అని వ్రాసిన గడి నేడు బయలు నీరైయుండును. పటము మార్చనిచో గణితము లేని రెల్లును నిలిపి, రాబోవు నీటిని తక్కువగా చూపును. ఆ వెనుకనున్న పల్లెకు “నీకు భయము లేదు” అని చెప్పును. గణితము తప్పు కాదు, అడంగలు పాతది.

1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని ఉప్పెన తీసికొనిపోయినది. కృష్ణా గోదావరుల ముఖద్వారముల కడ మడ యడవి నరికి రొయ్యల చెరువులు త్రవ్విన చోట్లు మీలో చూచినవారున్నారు. గట్టు కొంత అడ్డమగును గాక. ఆ చెరువు గడికి మడ యడవి అంకె వేయుటకు వీలులేదు. నీటి అంకెయే వేయవలెను.